ఒక్క పేజీ ఉత్తరం

నాలుగేళ్లు శ్రమించి వ్రాసిన నవల భవితవ్యం ఒక్కొక్కసారి నాలుగు పేరాల ఉత్తరంపై ఆధారపడుతుంది. ఆంగ్లంలో పుస్తకం ప్రచురించాలని ఆశించే ప్రతి కొత్త రచయితా ఈ సత్యాన్ని త్వరలోనే గ్రహిస్తాడు.

ఢిల్లీకి ఆగ్నేయంగా ఉన్న గ్రేటర్ నోయిడానే తీసుకోండి. 1991లో ప్రత్యేక ప్రాధికార సంస్థ ఏర్పడిన తరువాత పొలాల నడుమ పెరిగిన నగరమిది. విశ్వవిద్యాలయాలూ, ఆకాశాన్నంటే నివాస భవనాలూ ఇక్కడ విస్తారం. చదువుకోసం, ఉద్యోగంకోసం వచ్చినవారిలో రాత్రివేళ నవల వ్రాసుకునే తెలుగు యువతి ఒకరు ఉన్నారనుకుందాం. పెద్ద ప్రచురణ సంస్థల కార్యాలయాలు రాజధాని ప్రాంతంలోనే ఉన్నాయి. 2019లో ప్రారంభమైన ఆక్వా లైన్ మెట్రోలో నోయిడా సెక్టార్ 51కి వచ్చి, సమీపంలోని సెక్టార్ 52లో బ్లూ లైన్ ఎక్కితే ప్రగతి మైదానంలో జరిగే ప్రపంచ పుస్తక ప్రదర్శనకు చేరవచ్చు. కాని దగ్గరగా ఉన్నంత మాత్రాన పరిచయం ఏర్పడదు. ఆమె వ్రాతప్రతిని ప్రచురణకర్త చేతికి చేర్చగలవాడు సాహిత్య ఏజెంటు. ఆ ఏజెంటును చేరవలసినది ‘క్వెరీ లెటర్’ అనబడే పరిచయలేఖ.

ఏజెంటు వృత్తి కొత్తది కాదు. పందొమ్మిదో శతాబ్దం చివరి పాదంలో లండన్‌లో ఎ.పి. వాట్ దీనికి శ్రీకారం చుట్టి, రచయిత రాబడిలో పదవవంతు ప్రతిఫలంగా తీసుకున్నాడు. నేడది సాధారణంగా 15 శాతం. మన దేశంలో జైపూర్‌లోని సియాహీ, ఢిల్లీలోని రైటర్స్ సైడ్ వంటి సంస్థలు ఈ పని చేస్తున్నాయి. పుస్తకం అమ్ముడైతేనే తనకు రాబడి గనుక, ఏజెంటు ప్రతి ఉత్తరాన్నీ ఒకే ప్రశ్నతో విప్పుతాడు: ‘దీనిని నాకే ఎందుకు పంపారు?’ నలభైమందికి ఒకే ఉత్తరం పంపినవారి వద్ద దీనికి జవాబుండదు.

ఈ ప్రశ్న తెలుగు సాహిత్యానికి అపరిచితం కాదు. శ్రీనాథుడు కాశీఖండాన్ని రాజమహేంద్రవరాన్ని ఏలిన వీరభద్రారెడ్డికి అంకితమిచ్చాడు; హరవిలాసాన్ని అవచి తిప్పయ్యసెట్టి అనే వర్తకునికిచ్చాడు. హరవిలాస అవతారికలో కర్పూరం, కస్తూరి, చీనాంబరాల వంటి సరుకులను దూరదేశాలనుంచి తెప్పించే ఆ వర్తకుని వ్యాపారమే దర్శనమిస్తుంది. ఆ పద్యాలను తీసి మరొక కృతిపతికి అతికించడం సాధ్యం కాదు. ఎదుటివానిని ఎరిగి వ్రాయడమంటే ఇదే. అయితే కృతిపతి కోరినది కీర్తి. ఏజెంటు కోరేది కారణం. కనుక పొగడ్త ఇక్కడ పనికిరాదు.

‘మీ ఖ్యాతి జగద్విదితం’ అన్న వాక్యం ఎవరికైనా వ్రాయవచ్చు. ‘మీరు ప్రాతినిధ్యం వహించిన ఫలానా నవలలో నేల కోల్పోయిన కుటుంబాన్ని జాలితో కాక హాస్యంతో చూపిన తీరు నాకు నచ్చింది; నగరానికి భూమినిచ్చిన పల్లె కథ అయిన నా నవల కూడా ఆ దారిలోనే నడుస్తుంది’ అన్న వాక్యాన్ని ఆ పుస్తకం చదివినవారే వ్రాయగలరు. దానికి కావలసిన సమాచారం రహస్యమేమీ కాదు. తనకు నచ్చిన పుస్తకం చివర కృతజ్ఞతల పుటను తిరగవేస్తే, రచయిత తన ఏజెంటు పేరు తరచు అక్కడే చెబుతాడు. సంస్థ ప్రకటించిన నియమాలు చదివితే వారు ఏ రకం రచనలు స్వీకరిస్తారో, ఎన్ని అధ్యాయాలు పంపాలో తెలుస్తుంది.

ఈ ఆత్మీయతకు హద్దు ఉండాలి. ఏజెంటు పిల్లల గురించో, విహారయాత్ర గురించో ప్రస్తావిస్తే చనువు కాదు, చికాకు కలుగుతుంది. చదవని పుస్తకాన్ని చదివినట్లు వ్రాయడం అంతకంటె ప్రమాదం. రెండు వాక్యాలు చాలు. ఆపైన నవల పేరు, తరహా, పదాల సంఖ్య, కథలోని సంఘర్షణ, రచయిత పరిచయం. అంతా ఒక పేజీలో ఇమడాలి. తెలుగులో వ్రాసిన నవల అయితే ఆంగ్లంలోకి అనువదించిన కొన్ని అధ్యాయాలను జతపరచడం అవసరం.

తగిన పాఠకునికి చేరడమెంత ముఖ్యమో ఆర్.కె. నారాయణ్ అనుభవం చెబుతుంది. ‘స్వామి అండ్ ఫ్రెండ్స్’ వ్రాతప్రతిని లండన్ ప్రచురణకర్తలు పలుమార్లు త్రిప్పిపంపగా, విసిగిన ఆయన దానికి రాయి కట్టి థేమ్స్ నదిలో పడవేయమని ఆక్స్‌ఫర్డ్‌లోని మిత్రుడు పూర్ణకు వ్రాశారు. మిత్రుడు ఆ పని చేయక, దానిని గ్రాహం గ్రీన్‌కు చూపాడు. గ్రీన్ సిఫారసుతో 1935లో హామిష్ హామిల్టన్ సంస్థ దానిని ప్రచురించింది. నవల మారలేదు, చదివిన మనిషి మారాడు.

చివరిగా ఒక హెచ్చరిక. చదవడానికే రుసుము అడిగేవారికి దూరంగా ఉండడం మంచిది. నిజమైన ఏజెంటు రాబడి పుస్తకం అమ్మకంలోనే ఉంటుంది. ఒకేసారి యాభైమందికి కాక, ఐదారుగురిని ఎంచుకొని ఎవరికి వారికి వేరుగా వ్రాయాలి. జవాబులను బట్టి ఉత్తరాన్ని సరిదిద్దుకోవాలి. తిరస్కారం అప్పటికీ రావచ్చు. కాని తన పుస్తకం ఎవరికోసమో చెప్పగలిగిన రచయితకు, ఆ పుస్తకం తనకే మరింత స్పష్టంగా కనిపించడం మొదలవుతుంది.