వేరు కంచం పెట్టే ముందు

సౌదీకో, కువైట్‌కో పోవాలంటే మెడికల్ దాటాలి. ఛాతీ ఎక్స్‌రే, హెచ్‌ఐవీతో పాటు హెపటైటిస్ సి పరీక్ష కూడా చేస్తారు. హెపటైటిస్ సి ఉందని తేలితే, ఏ నొప్పీ లేని మనిషి చేతికి ‘అన్‌ఫిట్’ కాగితం వస్తుంది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పల్లెల్లో దాని అర్థం వీసా కోసం తెచ్చిన అప్పు మీద పడటమే. ఇల్లు చేరాక ఇంకో తీర్పు. కంచం, చెంబు వేరవుతాయి. పిల్లల్ని దగ్గరికి రానివ్వరు. ‘ఎవరి నుంచి వచ్చింది?’ అని ఆలుమగల మధ్య అనుమానం మొదలవుతుంది. ఏళ్లకేళ్లు ఒకరిక్కడ, ఒకరక్కడ బతికిన ఇంట్లో అది తొందరగా చల్లారదు.

హెపటైటిస్ సి వైరస్ రక్తం నుంచి రక్తానికి పోయేది. ఒకే కంచంలో తిన్నా, పక్కన పడుకున్నా, పిల్లను ముద్దాడినా, దోమ కుట్టినా అంటదు. మరి సంసారం మాట? అమెరికాలో ఒకే భాగస్వామితో ఏళ్ల తరబడి ఉన్న 500 జంటలను పరిశీలించి, 2013లో ఫలితాలు ప్రచురించారు. ప్రతి జంటలో ఒకరికి జబ్బుంది. రెండోవారిలో 20 మందికే కనిపించింది. ఆ వైరస్‌లను పోల్చి చూస్తే ఇద్దరిదీ దగ్గరి రకమని తేలింది 3 జంటల్లోనే. మిగతావాళ్లలో చాలామందికి బయటినుంచే వచ్చి ఉండొచ్చు. లెక్కగట్టిన ప్రమాదం ఏడాదికి గరిష్ఠంగా 0.07 శాతం, అంటే పదివేల జంటలకు ఏడు. హెచ్‌ఐవీ కూడా ఉన్నా, ఎక్కువమందితో సంబంధాలున్నా ముప్పు పెరుగుతుంది. అప్పుడు కండోమ్ తప్పదు.

కాబట్టి ఆలుమగలిద్దరికీ ఉందని తేలితే, నిందకు ముందు పాత సూదుల సంగతి గుర్తు చేసుకోవాలి. ఒళ్లు నొప్పులన్నా, నీరసమన్నా ఆర్‌ఎంపీ దగ్గర ఒక ఇంజక్షన్, ఒక గ్లూకోజ్ బాటిల్ పడితే తప్ప వైద్యం అయినట్టు అనిపించదు మనకు. ఆ సూది కొత్తదా అని అడిగినవాళ్లు ఎందరు? ఈ వైరస్‌ను గుర్తించిందే 1989లో. అంతకు ముందు ఎక్కించిన రక్తానికి పరీక్షే లేదు. డయాలసిస్, పచ్చబొట్టు సూది కూడా లెక్కలోకి వస్తాయి.

ఇంట్లో నిజంగా వేరు చేయాల్సినవి కొన్నే: రేజరు, ట్రిమ్మరు, టూత్‌బ్రష్, గోళ్లు తీసే కట్టరు, షుగర్ చూసుకునే సూది. ఎండిన రక్తపు మరకలోనూ వైరస్ రోజుల తరబడి బతకగలదు. విడ్డూరం ఏమిటంటే, అన్నకు వేరే పళ్లెం పెట్టిన ఇంట్లోనే తమ్ముడు అన్న రేజరుతో గడ్డం గీసుకుంటాడు. గల్ఫ్ క్యాంపుల్లో ఒకే గదిలో ఉండేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది.

సగం భయం ‘బి’ని ‘సి’తో కలపడం వల్ల. హెపటైటిస్ బి ఆలుమగల మధ్య తేలిగ్గా పాకుతుంది, దానికి టీకా ఉంది. సి అలా పాకదు, టీకా లేదు. కానీ మందుంది: ఎక్కువమందికి 12 వారాల మాత్రలు, నూటికి 95 మందికి పైగా నయం. అమెరికాలో ఒక్క మాత్ర వెయ్యి డాలర్లు పలికిన సోఫోస్‌బువిర్‌ను 2015లో హైదరాబాద్ కంపెనీలు నాట్కో, హెటిరో చవగ్గా తెచ్చాయి. 2018 జులై 28న మొదలైన జాతీయ కార్యక్రమం కింద పరీక్షా, మందూ ఉచితం. ముందు వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ ఎంతుందో చూడాలి. యాంటీబాడీ పాజిటివ్ వచ్చినవాళ్లలో కొందరికి వైరస్ తనంతట తానే పోయి ఉంటుంది. నయమయ్యాక కూడా ఆ యాంటీబాడీ పాజిటివ్‌గానే మిగలొచ్చు. అందుకే వైరల్ లోడ్ రిపోర్టు పారేయొద్దు.

ఆలుమగల కంటే జాగ్రత్త పడాల్సింది కాన్పు విషయంలో. జబ్బున్న తల్లులకు పుట్టే బిడ్డల్లో నూటికి ఐదారుగురికి వస్తుంది. గర్భానికి ముందే మందు వాడి నయం చేసుకోవడం మేలు. రొమ్ము పాలు మాన్పించక్కర్లేదు. చనుమొన పగిలి రక్తం వస్తుంటే మానేదాకా ఆపితే చాలు. బిడ్డకు యాంటీబాడీ పరీక్ష 18 నెలలు నిండాకే చేయించాలి, అంతకు ముందైతే తల్లి యాంటీబాడీలే అందులో కనిపిస్తాయి.