మొలల శస్త్రచికిత్స పిమ్మట పథ్యము

లంఖణము పరమౌషధమను మాట మన ఇండ్లలో తరతరములుగా వినవచ్చుచున్నది. జ్వరము వచ్చినను, అజీర్తి చేసినను మొదట అన్నము మానిపించుట మనకు అలవాటు. ఈ అలవాటు ఒక్కొక్కచోట మేలు చేసిన చేయవచ్చును గాని, మొలలకు శస్త్రచికిత్స చేయించుకొన్నవారి విషయమున కీడునే చేయును. ఆ కీడు ఎట్టిదో, దానిని తప్పించుకొనుటకు ఏమి తినవలెనో ఇచట విచారింతము.

మూలశంక యనియు, మొలలనియు పిలువబడు ఈ వ్యాధిని గూర్చి చెప్పుకొనుటకు జనులు సిగ్గుపడుదురు. అందుచేత ఆసుపత్రి నుండి ఇంటికి వచ్చిన రోగి తన భయమును తనలోనే దాచుకొనును. ఆ భయమెల్ల మొదటిసారి మలవిసర్జనకు పోవుటను గూర్చినదే. తినకున్న మలము ఉండదు, మలము లేకున్న నొప్పి ఉండదు అని అతడు తలంచును. అన్నము తగ్గించును, మంచినీరు సైతము తగ్గించును. పొరపాటు ఇచటనే జరుగుచున్నది.

మన పెద్దప్రేవు మలము నుండి నీటిని పీల్చుకొనును. మలము అచట ఎంత ఎక్కువసేపు నిలిచిన అంతగా నీరింకి గట్టిపడును. ఆహారము తగ్గినచో ప్రేవుల కదలిక మందగించును. ఏమియు తినకున్నను మలము కొంత తయారగుచునే యుండును. మూడు నాలుగు దినములు బిగపట్టిన పిమ్మట అది గులకరాళ్ళవలె గట్టిపడి, పచ్చిపుండును ఒరసికొనుచు బయటకు వచ్చును. నొప్పి ఇనుమడించును, నెత్తురు పడును. దానితో భయము పెరిగి రోగి మరింత బిగపట్టును. ఈ విషవలయమును తెగగొట్టుటకు మందులతోపాటు కంచములోని ఆహారము కూడ కావలెను.

1937లో మిల్లిగన్, మోర్గన్ అను శస్త్రవైద్యులు వివరించిన పద్ధతి నేటికిని వాడుకలో నున్నది. అందు మొలలను కోసి తీసివేసి, గాయమును కుట్టక తెరచి విడుతురు. అది తనంత తాను పూడుకొని మానుటకు సాధారణముగా 4 మొదలు 6 వారములు పట్టును. కావున ఈ పథ్యము రెండుదినముల ముచ్చట కాదు.

ఈ పథ్యమునకు మూలము రెండే వస్తువులు: పీచు, నీరు. పీచు మన ప్రేవులలో జీర్ణము కాక, నీటిని పట్టియుంచి, మలమును మెత్తగా ఉంచును. రోజునకు 25 నుండి 30 గ్రాముల పీచు, 8 నుండి 10 గ్లాసుల నీరు పెద్దవారికి అవసరము. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రకటించిన పట్టికల ననుసరించి, 100 గ్రాముల తెల్లబియ్యములో పీచు సుమారు 3 గ్రాములే. అంతే తూకముగల జొన్నలలో 10, రాగులలో 11 గ్రాములు కలదు. ఈ రాగులనే కొందరు చోళ్ళనియు, కొందరు తైదలనియు అందురు. మన తాతలు తిన్న సంగటి, జొన్నరొట్టె ఈ రోగికి ఎంత తగినవో దీనినిబట్టి గ్రహింపవచ్చును.

కాని మన ఇండ్లలో జరుగునది వేరు. కోత పడినవారికి పప్పు పెట్టిన చీము పట్టుననియు, కూరలు పెట్టిన నీరు చేరుననియు భయపడి, అన్నములో వెల్లుల్లికారమో, కరివేపాకు పొడియో కలిపి పెట్టుదురు. లేదా పాలు, రొట్టెముక్కలతో సరిపెట్టుదురు. పప్పువలన చీము పట్టదు. గాయము మానుటకు కావలసిన మాంసకృత్తులు అందులోనే కలవు. తెల్లరొట్టెలో పీచు మిక్కిలి తక్కువ. ఇక మిరపకారము పూర్తిగా జీర్ణము కాక, మలముతోపాటు పుండును తాకి మంట పుట్టించును. ప్రేమతో పెట్టిన పథ్యమే ఈ విధముగా రోగిని బాధించుచున్నది.

శస్త్రచికిత్స జరిగిన దినమున వైద్యుడు అనుమతించిన పిమ్మట మజ్జిగ, కొబ్బరినీరు, పలుచని జావ ఇయ్యవచ్చును. మరునాటి నుండి మెత్తని అన్నము, పెసరకట్టు, బీరకాయ, పొట్లకాయ, ఆనపకాయ కూరలు కారము లేకుండ వండి పెట్టవలెను. మూడవ నాటి నుండి తోటకూర, పాలకూర, బచ్చలి వంటి ఆకుకూరలను పప్పుతో కలిపి వండవచ్చును. బొప్పాయి, బాగుగ పండిన అరటి, జామ, రాత్రి నానవేసిన ఎండుద్రాక్ష మంచివి. పీచును ఒక్కసారిగా పెంచినచో కడుపు ఉబ్బును. దినదినము కొంచెముగా పెంచుట మేలు. మాంసాహారులు గ్రుడ్డు, చేప తినవచ్చును గాని ప్రక్కన కూర తప్పక ఉండవలెను. మాంసమున పీచు లేదు.

వైద్యులు తరచుగా ఇసబ్గోలు పొట్టు చెప్పుదురు. చెంచాడు పొట్టును నిండుగ్లాసు నీటిలో కలిపి వెంటనే త్రాగి, ఆపైన మరియొక గ్లాసు నీరు త్రాగవలెను. నీరు చాలనిచో ఇసబ్గోలే అడ్డుపడును. కందను గూర్చియు ఒక మాట. సంస్కృతమున దానికి అర్శోఘ్నమని పేరు. అనగా మొలలను హరించునది. కూరగా బాగుగ ఉడికించి తినుటకు అభ్యంతరము లేదు గాని, వైద్యుడిచ్చిన మందులు మాని కందను నమ్ముకొనరాదు.

ఊరగాయలు, మసాలాలు, వేపుళ్ళు, మైదాపిండి వంటలు, మద్యము గాయము మానువరకు విడువవలెను. నొప్పి తగ్గించు మందులలో కొన్ని, రక్తహీనతకు వాడు ఇనుపధాతువు మాత్రలు మలబద్ధము చేయును; ఆ సంగతి వైద్యునితో చెప్పిన తగిన విరేచనకారి నిచ్చును. సొంతముగా ఎక్కువ మోతాదు మ్రింగి నీళ్ళ విరేచనములు తెచ్చుకొనుటయు పుండునకు హానియే. మధుమేహము గలవారు పండ్ల విషయమునను, మూత్రపిండముల వ్యాధి, గుండెజబ్బు గలవారు నీటి విషయమునను వైద్యుని సలహా పొందవలెను.

ఉదయమున వేడిజావయో, పలహారమో తీసుకొన్న కొద్దిసేపటికి పెద్దప్రేవు సహజముగా కదలును. ఆ సమయమున ముక్కక, తొందరపడక మలవిసర్జనకు పోవలెను. పిమ్మట గోరువెచ్చని నీటి తొట్టిలో 10, 15 నిమిషములు కూర్చుండిన హాయి కలుగును. మొదట కొలది నెత్తురు కనిపించుట వింత కాదు. ధారగా పడినను, జ్వరము వచ్చినను, మూత్రము బిగిసినను, మూడు దినములు దాటినను మలము రాకున్నను వెంటనే ఆసుపత్రికి పోవలెను. పదవ దినము ప్రాంతమున సైతము నెత్తురు పడు అవకాశము కలదు గనుక ఏమరియుండరాదు.

రోగికి సేవచేయు ఇల్లాలికి, తల్లికి మా విన్నపము ఒక్కటే. అతడు ఆకలి లేదన్నచో ఆ మాట వెనుక భయమున్నదేమో కనుగొనుడు. కారణము నెమ్మదిగా విడమరచి చెప్పి, మజ్జిగ గ్లాసును, ఆకుకూరపప్పును అతని ముందుంచుడు. ఈ వ్యాధిలో పథ్యమనగా కడుపు మాడ్చుకొనుట కాదు. తగినవి కడుపునిండ తినుట.