చూడిపశువు లేల యీచుకపోవును?



నా బాల్యమున మా యింట నొక ఎఱ్ఱావు ఉండెడిది. ఏడవ మాసమున నొకనాటి వేకువను అది యీచుకపోయినది. దృష్టిదోషమని మా నాయనమ్మ దిగదుడిచినది. పాలేరు వట్టిచేతులతో మావిని లాగి, పిండముతోగూడ పెంటకుప్పపై పాఱవైచెను. కుక్కలు దానిని వీథివెంట నీడ్చినవి. ఆ యేటనే మా కొట్టములో మఱి రెండు పశువు లీచుకపోయినవి. పాలేరును నెలల తరబడి విడిచి విడిచి వచ్చు జ్వరము పట్టినది. ఈ రెంటికి సంబంధ ముండునని మాలో నెవ్వరును తలంపలేదు.

ఆవు తొమ్మిది నెలలకు పైగాను, గేదె పది నెలలకు పైగాను చూలు మోయును. ఈ నడుమ చూలు పోవుటకు కారణము లనేకములు. గాలికుంటు మొదలగు వ్యాధులలోని తీవ్రజ్వరము, కొమ్ముపోటు, మేతకఱవు, బూజుపట్టిన గడ్డి—ఇవి యన్నియు హేతువులే. ఊరి యాబోతునకు కొన్ని రోగము లున్నచో, అది దాటిన యావులకు తొలి మాసములందే చూలు పోవును.

ఐతే అయిదవ మాసము దాటినపిమ్మట ఒకే మందలో నొకదానివెంట నొకటి యీచుకపోయి, మావి పడక నిలిచినచో, బ్రూసెల్లా యను సూక్ష్మజీవిని శంకింపవలయును. డెన్మార్కు దేశపు పశువైద్యుడు బాంగు 1897లో దీనినిగూర్చి ప్రకటించెను. ఇది మావియందు చేరి, దూడకు పోషణ మందనీయక చెఱచును. పడిన పిండమునందును, మైలయందును అసంఖ్యాకముగా నుండును. తక్కిన పశువులు దానిని నాకుటచేతను, మైల తగిలిన గడ్డిని మేయుటచేతను రోగ మంటుకొనును.

ఇందొక మోసము కలదు. పెక్కుపశువు లొక్కమాఱే యీచుకపోయి, పిమ్మట నిండుచూలు మోసి యీనును. అంతమాత్రమున రోగము పోయినదనరాదు. పాలలోను మైలలోను క్రిమి వెడలుచునే యుండును. సంతలో కొన్న పశువును పరీక్ష లేకయే మందలో కలుపుట యిందువలననే ప్రమాదము. ఈచుకపోయినదానిని ఆ మాట దాచి యమ్ముట, పొరుగువాని కొట్టమునకు రోగము నమ్ముటయే.

ఈచుకపోయిన పశువును వేఱుగా కట్టవలయును. మావిని వట్టిచేతులతో ముట్టరాదు. గర్భిణీస్త్రీలు దాపునకు పోరాదు. పిండమును, మావిని, తడిసిన గడ్డిని లోతైన గోతిలో సున్నము చల్లి పాతిపెట్టవలయును. పశువైద్యునిచే రక్తపరీక్ష చేయింపవలయును. ఈ క్రిమి మనుష్యులకును జ్వరము దెచ్చును గావున పాలు కాచియే త్రాగవలయును. నాలుగు మొదలు ఎనిమిది నెలల లోపలి పెయ్యదూడలకు టీకా కలదు. 2019లో కేంద్రప్రభుత్వము దీనికై దేశవ్యాప్తముగా కార్యక్రమము నారంభించినది. చూడిపశువునకు మాత్రము ఈ టీకా వేయింపరాదు.

మా యింటిది ఆ రోగమే యని పరీక్షించినవారు లేరు. కాని నాడొక గోయి త్రవ్వియుండిన, తక్కిన రెండు చూళ్లును, ఆ పాలేరి యారోగ్యమును దక్కియుండెడివేమో యని నేటికిని తలపోయుచుందును. మీ యింట దిగదుడిచినను దిగదుడువుడు; గోయి త్రవ్వుట మాత్రము మఱవకుడు.