మూతి నాకితే లొంగినట్టా?

"ఇంటికి రాగానే మా కుక్క ఎగిరెగిరి మూతి నాకుతుంది. నన్ను నాయకుడిగా ఒప్పుకున్నట్టేనా?" అని ఓ పాఠకుడు అడిగారు. జవాబు కెనడా ఉత్తరపు కొసన, ఎల్స్‌మియర్ దీవిలో ఉంది.

అక్కడి తెల్ల తోడేళ్లు మనిషికి పెద్దగా బెదరవు. అందుకే 1986 నుంచి ఎన్నో వేసవులు అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ మీచ్ వాటి గుహ దగ్గరే కూర్చుని చూడగలిగారు. మిగతాచోట్ల అడవి తోడేలు కంటబడటమే గగనం.

వేటకెళ్లిన తోడేలు చాలాసార్లు ఉత్త నోటితోనే తిరిగొస్తుంది. మాంసమంతా కడుపులో ఉంటుంది. ఎనిమిది తొమ్మిది కిలోలు పట్టే సంచి అది! పిల్లలు కుయ్యికుయ్యిమంటూ ఉరికొచ్చి దాని మూతి అంచుల్ని ముక్కుతో పొడుస్తాయి, నాకుతాయి. ఆ తాకిడికి దాని డొక్కలు ఎగసి, సరిగా అరగని ముక్కలు నేలమీద పడతాయి. క్షణాల్లో ఖాళీ.

అసలు తమాషా ఏమిటంటే, ఎదిగిన తోడేళ్లూ ఇదే చేస్తాయి. చెవులు వెనక్కి వాల్చి, ఒళ్లు కుదించి, తోక దించి, తండ్రి మూతి నాకుతాయి. గుహ దగ్గర పిల్లల్ని కాచుకున్న తల్లి కూడా మగతోడేలు ముందు ఇలాగే వంగుతుంది. మగది కక్కిపెడుతుంది. ఇందులో ఎవరు ఎవరికి సేవ చేస్తున్నట్టు?

మరి ఈ 'నాయకుడి' గోల ఎక్కడిది? 1947లో రుడాల్ఫ్ షెంకెల్ అనే పరిశోధకుడు స్విట్జర్లాండ్‌లోని బాజెల్ జూలో, ఒకేచోట బంధించిన తోడేళ్ల కొట్లాటలు చూసి పెత్తనాల లెక్క రాశారు. గుంపు నాయకుడనే అర్థంలో 'ఆల్ఫా' మాట అక్కడి నుంచే పాకింది. 1970లో మీచ్ పుస్తకం దాన్ని ఇంకా మోసుకెళ్లింది. కానీ అడవిలో గుంపంటే అమ్మానాన్నా, వాళ్ల పిల్లలూ. పెద్దల మాట చెల్లుతుంది, ఏ ఇంట్లోనైనా చెల్లినట్టే. 1999లో మీచ్ ఆ సంగతే రాశారు. తన పుస్తకం అచ్చు ఆపమని ప్రచురణకర్తలను తనే అడిగారు కూడా. ఇంకో విడ్డూరం: ఆ వంగి నాకడం పసితనంలో తిండి అడుక్కోవడంలోంచే పుట్టిందని 1967లో రాసింది సాక్షాత్తూ షెంకెలే! అది మాత్రం పెద్దగా ఎవరి చెవికీ ఎక్కలేదు.

మీ కుక్క చేసేదీ ఆ పాత అలవాటు తాలూకు మిగులే కావచ్చు. ఇక ఇది తెలిస్తే ఉపయోగమేమిటంటారా, కుక్కను వెల్లకిలా పడేసి అదిమిపట్టి 'నేనే ఆల్ఫా' అనిపించే శిక్షకులకు పోసే డబ్బు మీకు మిగులుతుంది.