ఎంటర్ కొడితే లైన్ మారలేదు

మొన్న సీ ల్యాబ్ ఇంటర్నల్‌లో మా క్లాస్‌మేట్ ఒకడు పావుగంట సేపు ఎంటర్ కీతో కుస్తీ పట్టాడు. వాడికి చూపు లేదు. స్క్రీన్ మీద ఉన్నది చదివి వినిపించే ఎన్వీడీఏ అనే సాఫ్ట్‌వేర్‌ని పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని తిరుగుతుంటాడు. ఏ సిస్టమ్ దగ్గర కూర్చున్నా అదే పెట్టుకుని పని చేసుకుంటాడు. ఆరోజు ఎంటర్ కొడుతున్నాడు, లైన్ మారట్లేదు. కీబోర్డ్ పాడైందేమోనని ల్యాబ్ అసిస్టెంట్ గారు వేరేది తెచ్చి పెట్టారు. అదీ అంతే. రెండు సిస్టమ్‌ల అవతల కూర్చున్న నాకు మాత్రం చేతులు చల్లబడ్డాయి. ముందురోజు రాత్రి వాడి పెన్‌డ్రైవ్‌లో కొత్త యాడ్-ఆన్ వేసిచ్చింది నేనే మరి.

ఎన్వీడీఏని 2006లో ఆస్ట్రేలియాలో మైఖేల్ కరన్ మొదలుపెట్టాడు. ఆయనకీ చూపు లేదు. ఇది ఉచితం, ఎక్కువభాగం పైథాన్‌లో రాసింది, కాబట్టి మనలాంటివాళ్లం కూడా దానికి చిన్నచిన్న స్క్రిప్టులు తగిలించొచ్చు. మావాడి కష్టం ఏంటంటే, ప్రోగ్రామ్‌లో తెరిచిన ఫ్లవర్ బ్రాకెట్లలో ఎన్ని ఇంకా మూయలేదో గుర్తుపెట్టుకోవడం. మనం ఒక్క చూపులో కనిపెట్టేస్తాం. వాడు ఒక్కో లైనూ వెనక్కి వెళ్లి వినాలి. అందుకే నోట్‌ప్యాడ్‌లో ఎంటర్ కొట్టగానే "రెండు తెరిచి ఉన్నాయి" అని చెప్పే స్క్రిప్టు రాశాను.

తప్పు ఎక్కడ జరిగిందో అర్థం కావాలంటే కీ ప్రయాణం తెలియాలి. మనం నొక్కిన కీ నేరుగా నోట్‌ప్యాడ్‌కి వెళ్లదు. మధ్యలో ఎన్వీడీఏ పట్టుకుంటుంది. ఈ కీకి ఎవరైనా స్క్రిప్టు కట్టారా అని వరసగా అడుగుతుంది. ముందు గ్లోబల్ ప్లగిన్‌లని, తర్వాత ఆ అప్లికేషన్ తాలూకు యాప్ మాడ్యూల్‌ని, ఆ తర్వాత ఫోకస్‌లో ఉన్న ఆబ్జెక్ట్‌ని, చివరికి తన సొంత కమాండ్లని. ఎవరూ లేకపోతే కీని దాని దారిన వదిలేస్తుంది. ఒకరు దొరికితే మాత్రం అక్కడితో ఆగిపోయి, కీని వాళ్ల చేతిలో పెట్టేస్తుంది. ఇక అది నోట్‌ప్యాడ్‌కి చేరాలంటే స్క్రిప్టే 'జెశ్చర్ డాట్ సెండ్' అని పిలిచి పంపాలి. నేను పిలవలేదు. పక్కింటివాళ్ల కొరియర్ తీసుకుని, వాళ్లకి ఇవ్వడం మర్చిపోయినట్టు.

టెస్ట్ చెయ్యలేదా అంటారా? చేశాను. రెడీగా ఉన్న ఒక ఫైల్ తెరిచి ఎంటర్ కొట్టాను, లెక్క కరెక్ట్‌గా వినిపించింది, సంబరపడిపోయాను. కర్సర్ కిందికి దిగిందో లేదో చూడలేదు. కళ్లున్నవాడిని నేనే!

పరీక్ష అయ్యాక వెళ్లి ఒప్పుకున్నాను. వాడు నవ్వాడు. "రెండో కీబోర్డ్ పెట్టినప్పుడే తెలిసిందిరా" అన్నాడు. ఎన్వీడీఏ కీ పట్టుకుని 1 నొక్కితే ఇన్‌పుట్ హెల్ప్ వస్తుంది. అప్పుడు ఏ కీ నొక్కినా పని జరగదు, దానికి కట్టిన స్క్రిప్టు వివరణ మాత్రం చదువుతుంది. ఎంటర్ నొక్కగానే నేను రాసిన "మూయని బ్రాకెట్ల లెక్క" అన్న మాట వినిపించిందట. ఇక అక్కడినుంచి ప్రతి లైన్‌కీ ఎన్వీడీఏతో ఎఫ్2 నొక్కి, ఆపైన ఎంటర్ కొట్టాడు. ఎఫ్2 అంటే, తర్వాత వచ్చే కీని ఎవరూ ఆపకుండా నేరుగా పంపించేయమని. "మరి యాడ్-ఆన్‌లు ఆపేసి రీస్టార్ట్ చేసుకోవచ్చు కదా?" అంటే, "లెక్క కావాలి కదరా" అన్నాడు. లెక్క కోసం ఒక ఎంటర్, లైన్ కోసం ఎఫ్2తో ఇంకో ఎంటర్. ప్రోగ్రామ్ మొత్తం అలాగే కొట్టాడు.

ఆ రాత్రి సెండ్ ఒక్క లైనే కలిపాను, ఎంటర్ బాగుపడింది. మూసే బ్రాకెట్‌కి కూడా లెక్క చెప్పిద్దామని మొదలుపెడితే ఇంకో రెండు తగిలాయి. బ్రాకెట్ గుర్తునే కీ పేరుగా రాస్తే స్క్రిప్టు ఉలకలేదు, పలకలేదు. లాగ్ లెవెల్‌ని ఇన్‌పుట్ అవుట్‌పుట్‌కి మార్చి చూస్తే, ఎన్వీడీఏ దాన్ని షిఫ్ట్‌తో కలిపిన స్క్వేర్ బ్రాకెట్ కీగా రాసుకుంటోంది. దానికి తెలిసింది కీ, అక్షరం కాదు. అది సరిచేశాక లెక్క ప్రతిసారీ ఒకటి ఎక్కువ చెప్పింది. సెండ్ కీని పంపుతుందంతే, నోట్‌ప్యాడ్ దాన్ని టైప్ చేసేదాకా ఆగదు. నేను వెంటనే చదివితే పాత టెక్స్టే వస్తోంది. 'కోర్ డాట్ కాల్‌లేటర్'తో 50 మిల్లీసెకన్లు ఆగి చదివిస్తే కుదిరింది. దీనికి మూడు గంటలు పట్టింది, సిగ్గు లేకుండా చెప్తున్నా.

కొత్త వెర్షన్ పట్టుకెళ్తే వాడు పెన్‌డ్రైవ్ ఇవ్వలేదు. "ముందు నీ మానిటర్ ఆపి, దీంతో పది లైన్ల ప్రోగ్రామ్ కొట్టు. అది రన్ అయితే వేసుకుంటా" అన్నాడు. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని కొట్టాను. బ్రాకెట్లన్నీ సరిపోయాయి. నాలుగో లైన్‌లో సెమీకోలన్ లేదు.