గేరు పళ్ళకు మెరుగు

కామాటిపురా, వర్లీ చాళ్ళ నుండి మిల్లులకు పోయిన మన పెద్దలకు పళ్ళచక్రాల మోత కొత్తకాదు. 1982 సమ్మె తరువాత చాలా మిల్లులు మూతపడినా, బండ్లలో, కార్ఖానాలలో ఆ చక్రాలు తిరుగుతూనే ఉన్నవి. వాటి మన్నిక చివరి మెరుగుపనిలో ఉన్నది.

కోసిన పళ్ళను, ఉక్కు మెత్తగా ఉండగానే, షేవింగు చేసి వెంట్రుకవాసి గీకుతారు. పిదప కాల్చి గట్టిపరిస్తే పళ్ళు కొద్దిగా వంకరపోతవి. ఆ వంకరను గ్రైండింగు సరిచేస్తుంది. తొందరపడి సానపడితే పైపొర మాడి, కంటికి కనబడని బీటలు పడతవి.

లాపింగు వేరు. లారీ వెనుక ఇరుసులోని క్రౌను, పినియనులకు రాపిడిముద్ద పూసి జతగా తిప్పుతారు. అట్లు ఒదిగిన జతను విడదీయరాదు. ఒకటి విరిగినా రెండూ మార్చవలసిందే. "ఒక్కటి చాలు, డబ్బు మిగులుతుంది" అని ఎవరన్నా, బండి నడిపే మన సోదరులు ఒప్పుకొనవద్దు. కొత్తది పాతదానితో పొసగక, త్వరలో రెండూ పాడవుతవి.