చక్రాల కోళ్ల గూడు: అడ్డకర్రలు, ఎక్కే పలక కొలతలు

మన సంఘం కుటుంబాల్లో ఈ మధ్య చక్రాల కోళ్ల గూడు గురించి అడిగేవారు ఎక్కువయ్యారు. కోవిల్‌పట్టి, సాత్తూరు, విరుదునగర్ చుట్టుపక్కల ఊళ్లలో సేద్యం వదిలేసిన రెండు మూడు ఎకరాల మెట్ట, కోయంబత్తూరులోనో చెన్నైలోనో పిల్లలు, ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లు. చాలా ఇండ్ల పరిస్థితి ఇదే. ఇరవై కోళ్లు పెట్టుకుంటే గుడ్లూ వస్తాయి, నేలకు ఎరువూ పడుతుంది. ఆలోచన మంచిదే. అయితే గూడు కట్టేవారు చక్రాలకూ రేకుకూ డబ్బంతా పెట్టి, కోడి ఎలా ఎక్కుతుంది, లోపల ఎక్కడ కూర్చుంటుంది అన్నది చివర్లో మిగిలిన చెక్కముక్కలతో సరిపెడుతున్నారు. గూడు పనికొస్తుందా లేదా అన్నది తేలేది మాత్రం అక్కడే. పొద్దుగూకే వేళ కోడి తనంతట తాను ఎక్కి కూర్చోకపోతే, డెబ్భై ఏళ్ల మనిషి రోజూ చీకట్లో ఇరవై కోళ్లను తరిమి పట్టుకోవాలి. ఒక వారం పడతారు, రెండు వారాలు పడతారు. ఆ తర్వాత కోళ్లు బయటే పడుకుంటాయి, ముంగిస పని ముంగిస చేసుకుంటుంది.

గూటి రూపం కొత్తదిగా కనిపించినా పని మనకు తెలిసినదే. కోతలైన కరిసల్ నేలలో రాత్రిళ్లు గొర్రెల మందను నిలిపి, మరునాడు పక్కకు జరిపి, చేనంతటికీ ఎరువు పట్టించడం మన పెద్దలు చేసినదే. తమిళంలో దీన్ని కిడై అంటారు. మన ఇడైసెవల్ కి. రాజనారాయణన్ గారు అదే పేరుతో చిన్న నవల కూడా రాశారు. అమెరికాలో వర్జీనియా రాష్ట్రపు రైతు జోయెల్ సాలటిన్ ఆవులు మేసిపోయిన బీడులోకి చక్రాల గూడు లాక్కెళ్లి కోళ్లను వదులుతారు. గొర్రెకు తడిక చాలు. కోడికి రాత్రి కాలి కింద కర్ర కావాలి. తేడా అంతే.

కొలతలకు ముందు ఏ కోడి అన్నది తేల్చుకోవాలి. మన నాటు కోడి తేలిక, చెట్టే ఎక్కి పడుకుంటుంది. దానికి అడ్డకర్ర మూడడుగుల ఎత్తున ఉన్నా ఇబ్బంది లేదు. ఇప్పుడు చాలామంది తెస్తున్నది వనరాజా, హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కేంద్ర కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన రకం. పెట్ట రెండు కిలోలు దాటుతుంది. ఎగరడం తక్కువ, దూకితే బరువంతా పాదాల మీద పడుతుంది. ఎత్తునుంచి రోజూ దూకే బరువు కోడికి అరికాలు కమిలి, చీము గడ్డ కట్టి, కుంటడం మొదలవుతుంది. కుంటే కోడి గుడ్డు తగ్గిస్తుంది. కాబట్టి వనరాజాకు అడ్డకర్ర గూటి నేలకు ఒకటిన్నర అడుగు మించి పెట్టకండి. రెండు రకాలూ కలిపి పెంచేవారు బరువు కోడి కొలతే పాటించాలి. తక్కువ ఎత్తు నాటు కోడికి నష్టం కాదు.

నాటు కోడికి కర్ర మీద 8 అంగుళాల చోటు చాలు, వనరాజాకు 10 అంగుళాలు. ఇరవై వనరాజాలకు 200 అంగుళాలు, అంటే 16 అడుగుల 8 అంగుళాలు. అయిదడుగుల వెడల్పు గూటిలో నాలుగు కర్రలు వేస్తే 20 అడుగులు వస్తుంది, సరిపోతుంది. కర్రకూ కర్రకూ మధ్య 15 అంగుళాలు, చివరి కర్రలకూ గోడకూ మధ్య అడుగు చొప్పున వదలాలి. ఇలా లెక్కవేస్తే పొడవు అయిదడుగుల 9 అంగుళాలు అవుతుంది, గూడు ఆరడుగుల పొడవు కట్టించండి. కర్రలన్నీ ఒకే మట్టాన ఉండాలి. మెట్లలాగా పెడితే అందరికీ పై కర్రే కావాలి, ప్రతి సాయంత్రం పొడుచుకోవడమే. పైవాటి రెట్ట కిందివాటి వీపు మీద పడుతుంది కూడా. గుడ్ల పెట్టె అడ్డకర్ర కంటే కిందే ఉండాలి. పైన ఉంటే కోళ్లు అందులోనే పడుకుని గుడ్లను పాడుచేస్తాయి.

కదలని గూడు కట్టే వడ్రంగికి తట్టని విషయం ఒకటుంది. గూడు లాగేటప్పుడు ఒక కొస పైకి లేస్తుంది. కర్రలు లాగే దిక్కుకు పొడవునా ఉంటే మొత్తం వాలిపోయి కోళ్లన్నీ ఒక మూలకు జారతాయి. అడ్డంగా, అంటే చక్రం నుంచి చక్రానికి వెళ్లేలా ఉంటే, గూడు ఎంత వాలినా ఏ కర్రా తనంతట వాలదు. కర్రలను మేకులతో బిగించకుండా, రెండు పక్కలా చెక్కలో గాడి తీసి దించాలి. గాడిలో కర్ర దొర్లకూడదు. దొర్లే కర్ర మీద కోడి రెండోసారి కూర్చోదు.

కర్రకు సవుకు మంచిది, రెండంగుళాల మందం, బెరడు పూర్తిగా తీసి. పైభాగం కొద్దిగా చదునుచేసి, అంచులు ఉప్పుకాగితంతో రుద్దించండి. ప్లాస్టిక్ గొట్టం, ఇనుప గొట్టం వద్దు, కాలు జారుతుంది. బెరడు కిందా గాడి సందుల్లోనూ కోడి పేలు పగలు దాక్కుని రాత్రి రక్తం తాగుతాయి. నెలకొకసారి కర్రలు తీసి ఎండలో పడేసి, గాడుల్లో సున్నం పూయించాలి. మేకులు వద్దన్నది ఇందుకు కూడా. గూటి నేలకు అంగుళం కన్నుల ఇనుప వల వేస్తే రెట్ట నేరుగా చేను మీద పడుతుంది. అర అంగుళం వల అక్కడ పనికిరాదు, రెట్ట అతుక్కుని పూడిపోతుంది. దాన్ని చుట్టూ గోడలకు వాడుకోండి, ముంగిస పిల్ల దూరదు.

ఎక్కే పలక లెక్క సులభం. నేల నుంచి గుమ్మం ఎంత ఎత్తో, పలక దానికి రెట్టింపు పొడవు. గుమ్మం ఒకటిన్నర అడుగైతే పలక మూడడుగులు. అంతకంటే పొట్టిగా ఉంటే బరువు కోడి కిందే నిలబడి పైకి చూస్తూ ఉంటుంది. వెడల్పు అడుగు. నాటు కోడికి ఆరంగుళాలకు, బరువు కోడికి నాలుగంగుళాలకు ఒక సన్న పట్టీ అడ్డంగా కొట్టించాలి. రేకు పలక చేయించవద్దు. మన ఊరి మే నెల ఎండలో రేకు మీద మనమే కాలు పెట్టలేము. పలకను కొక్కేలకు తగిలించి, రాత్రి తీసేయండి. గూడు జరిపేటప్పుడూ తీయాలి, లేకపోతే మొదట విరిగేది అదే.

గుమ్మం ఏ దిక్కుకు? ఆడి నెలలో పడమటి గాలి ఎలా ఉంటుందో కయత్తారు గాలిమరలు చూసినవారికి చెప్పనక్కరలేదు. ఐప్పసి, కార్తిక నెలల్లో వాన ఈశాన్యం నుంచి కొడుతుంది. రెంటికీ తప్పించి దక్షిణం పెట్టుకోవడం మేలు. పడమటి వైపు, కోళ్లు కూర్చునే మట్టం వరకు పలకతో మూసి, వాటి తలల పైన మాత్రం గాలికి సందు వదలండి. రేకు కప్పు కర్రకు రెండడుగుల పైన ఉండాలి, వేడి అక్కడే నిలుస్తుంది. ఆడి గాలికి గూడు నాలుగు మూలలా గూటాలకు కట్టాలి. వాన పడ్డ కరిసల్‌లో సైకిల్ చక్రం జానెడు దిగబడుతుంది, పాత స్కూటర్ చక్రాలు నయం. వానల రెండు నెలలూ గూటిని గట్టు మీద నిలిపి ఉంచడమే తెలివి.

కొత్త గూటిలో మొదటి నాలుగు రోజులు కోళ్లను బయటికి వదలకండి, మేతా నీళ్లూ లోపలే. తర్వాత వదిలినా, ఆ వారం గూడు జరపకండి. జరపడం మొదలుపెట్టాక రోజుకు ఒక గూటి పొడవు, మించితే రెండు. గుమ్మం ఎప్పుడూ అదే దిక్కుకు ఉండాలి. ఒకేసారి చేను ఆ కొసకు లాక్కెళితే, సాయంత్రం కోళ్లు నిన్నటి ఖాళీ చోటికే వచ్చి ముడుచుకుంటాయి.

కొక్కెర తెగులు టీకా మాత్రం ఏ గూడు కట్టినా తప్పదు, దగ్గరి ప్రభుత్వ పశువైద్యశాలలో అడగండి. తెలుగు చదవలేని మనవళ్లకు ఈ కొలతలు చదివి వినిపించండి, వడ్రంగితో మాట్లాడేది వాళ్లే కదా.

మొదటి వారం రాత్రి ఎనిమిది దాటాక టార్చి వేసి ఒకసారి లోపల చూడండి. ఒకటి రెండు కోళ్లు కింద వల మీద పడుకుంటే అవి పిరికివి, రెండు రోజుల్లో ఎక్కుతాయి. అయిదారు కిందే ఉంటే కర్ర పొడవు చాలలేదు. బరువు కోళ్లు మాత్రమే కిందుంటే కర్ర ఎత్తు ఎక్కువైంది, మరునాడే గాడి నాలుగంగుళాలు దించండి.